ఘోస్ట్ గన్ బిల్లు మీ సభకొచ్చిందా? నాన్చి నాన్చి చంపే చిట్కాలు ఇవిగో

అమెరికాలో ఏదో ఒక రాష్ట్ర శాసనసభకు కొత్తగా ఎన్నికైన తెలుగు మిత్రులారా, ముందుగా అభినందనలు. మెడలో దండలు వాడకముందే మీ బల్ల మీదికి ఒక బిల్లు వస్తుంది. ఘోస్ట్ గన్‌ల మీద, అంటే నంబరు లేని తుపాకుల మీద బిల్లు. బెదిరిపోకండి. ఏమీ చేయకుండా, అంతా చేసినట్టు కనబడి, మళ్లీ గెలిచే దారి ఉంది. ఆ దారి నాకు తెలుసు. మీరు బాగుపడాలనే కోరికతో చెబుతున్నాను, శ్రద్ధగా వినండి.

ముందు సంగతేమిటో రెండు ముక్కల్లో. అమెరికాలో లైసెన్సున్న కంపెనీ తుపాకీ చేస్తే దాని మీద సీరియల్ నంబరు చెక్కాలి. లైసెన్సున్న దుకాణదారు అమ్మితే కొనేవాడి వివరాలు రాసుకోవాలి, నేరచరిత్ర ఉందేమో తనిఖీ చేయించాలి. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం, 1993 నాటి బ్రేడీ చట్టం కలిసి చెప్పేది ఇదే. అయితే సొంతానికని ఇంట్లో తుపాకీ చేసుకునే మనిషికి ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, నంబరూ అక్కర్లేదు. ఆ సందులోంచే కిట్ల వ్యాపారం పుట్టింది. ముప్పాతిక వంతు తయారైన భాగాలు పెట్టెలో సర్ది, 'ఇది తుపాకీ కాదు' అని చెప్పి పోస్టులో పంపారు. మిగతా పావు వంతు కొన్నవాడు ఇంట్లో పూర్తి చేసుకున్నాడు. నంబరు లేదు, తనిఖీ లేదు, రికార్డు లేదు. నేరం జరిగాక పోలీసుల చేతికి చిక్కినా అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఆధారం లేదు. మన ఏజెన్సీ ఊళ్లలో నాటు తుపాకీని ఎరిగినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. మన దేశంలో మాత్రం 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకీ చేయడమే నేరం.

ఈ తుపాకీ దగ్గర మీరు నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఒంటి మీద గుర్తు లేదు కాబట్టి అది ఎవరిదో ఎవరూ తేల్చలేరు. మీ రాజకీయ జీవితం కూడా అలాగే నడవాలి. ఏ మాటా, ఏ ఓటూ, ఏ సంతకమూ రేపు ఎవరైనా తవ్వితే మీ ఇంటి గుమ్మం దాకా రాకూడదు. కింది చిట్కాలన్నీ దానికోసమే.

1. బిల్లు చదవకండి.

చదివితే తెలుస్తుంది. తెలిస్తే అభిప్రాయం ఏర్పడుతుంది. అభిప్రాయం ఉన్నట్టు కనబడితే ఎవరో ఒకరు అదేమిటని అడుగుతారు. బిల్లు పేరు, నంబరు, ప్రవేశపెట్టినవాళ్ల పార్టీ చూసుకోండి, చాలు. విలేకరి మైకు పెడితే "లోతుగా పరిశీలిస్తున్నాం" అనండి. ఆ మాటకు గడువు లేదు.

2. నిర్వచనం దగ్గర చతికిలబడండి.

ఇది అన్నిటికంటే గొప్ప చిట్కా. సభలో లేచి, ఏమీ ఎరగనట్టు, "అసలు తుపాకీ అంటే ఏమిటి అధ్యక్షా?" అని అడగండి. అంతే, ఆ రోజు గడిచిపోతుంది. మర్నాడు "తుపాకీ ముప్పాతిక తయారైతే తుపాకీయేనా?" అనండి. మూడో రోజు "సగమైతే?" అనండి. ఇనుప ముక్క, ప్లాస్టిక్ ముక్క, దానికి వేయాల్సిన చిల్లులు అంటూ పోతే వారాలు దొర్లుతాయి.

దీనికి దేశంలోకెల్లా పెద్ద కోర్టులోనే ఉదాహరణ ఉంది. 2022 ఏప్రిల్‌లో బైడెన్ ప్రభుత్వం ఒక నిబంధన ప్రకటించింది. తేలిగ్గా తుపాకీగా మార్చుకోగల కిట్ కూడా తుపాకీ లెక్కే అంది. దానికీ నంబరు వేయాలి, అమ్మేవాడు లైసెన్సు తీసుకోవాలి, కొనేవాడిని తనిఖీ చేయాలి. ఆగస్టులో అది అమల్లోకి వచ్చింది. టెక్సస్‌లో కేసు పడింది. 2023లో అక్కడి ఫెడరల్ జడ్జి నిబంధనను మొత్తంగా కొట్టేశారు. సుప్రీంకోర్టు 5-4తో ఆ ఉత్తర్వును ఆపింది. ఆ తర్వాత అప్పీలు కోర్టు కూడా నిబంధన చెల్లదంది. 2024 అక్టోబరు 8న సుప్రీంకోర్టులో వాదనలు నడిచాయి. గుడ్లు, హామ్, క్యాప్సికం, ఉల్లిపాయలు బల్ల మీద పెడితే అది ఆమ్లెట్ అవుతుందా అని జస్టిస్ అలిటో అడిగారు. ఖాళీ కాగితం, పెన్ను పెడితే కిరాణా చీటీ అవుతుందా అని కూడా అడిగారు. వంటకు కావాల్సినవన్నీ కొలిచి పెట్టెలో ఇంటికి పంపే హెలోఫ్రెష్ సంగతి జస్టిస్ బారెట్ ఎత్తారు. అంత పెద్ద కోర్టులో ఆమ్లెట్ నలిగినప్పుడు మీ సభలో పెసరట్టు నలిగితే తప్పేముంది? నానబెట్టిన పెసలు పెసరట్టా, రుబ్బిన పిండి పెసరట్టా, పెనం మీద పోసింది పెసరట్టా అని ఒక పూట నడపండి. తినేవాడి కడుపు మాట మాత్రం రానివ్వకండి.

2025 మార్చి 26న తీర్పు వచ్చింది. 7-2తో నిబంధన నిలిచింది. తీర్పు రాసింది సంప్రదాయవాదిగా పేరున్న జస్టిస్ గోర్సచ్. ఐకియాలో కొన్న బల్లను ఇంట్లో బిగించుకోవాల్సి ఉన్నా జనం దాన్ని బల్ల అనే అంటారు కదా అని ఆయన రాశారు. ఎన్నడూ అలాంటి కిట్ చూడని మనిషి మామూలు పనిముట్లతో 21 నిమిషాల్లో తుపాకీ తయారు చేసిన సంగతి కూడా తీర్పులో ఉంది. దీన్ని చదివి మీరు డీలా పడొద్దు. నిబంధన అమల్లోకి వచ్చాక చెల్లుతుందని తేలడానికి రెండున్నరేళ్ల పైనే పట్టింది. అంత కాలం ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగలేదు. పైగా కోర్టు చెప్పింది కనీసం కొన్ని కిట్లయినా చట్టం కిందికి వస్తాయని. "ఏ కిట్లు?" అన్న ప్రశ్న మిగిలే ఉంది. మీ పదవీకాలానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

3. ఎదుటివాడి నోరు జారేదాకా కాచుకోండి.

2014 జనవరిలో కాలిఫోర్నియా రాష్ట్ర సెనేటర్ కెవిన్ డి లియోన్ ఇంట్లో చేసిన రైఫిల్ ఒకటి చేతిలో పట్టుకుని విలేకరులతో మాట్లాడారు. ఆ తుపాకీ అర సెకనులో 30 తూటాలు కాలుస్తుందన్నారు. క్యాలిబర్‌నూ క్లిప్పునూ మ్యాగజైన్‌నూ కలగాపులగం చేశారు. తుపాకులు తెలిసినవాళ్లు ఆ వీడియో చూసి ఏళ్ల తరబడి నవ్వారు. ఇంట్లో చేసుకున్న తుపాకీకి నంబరు వేయాలా వద్దా అన్నది ఆయన బిల్లులోని ప్రశ్న. దాని జోలికి పోవాల్సిన అవసరమే లేకపోయింది. చట్టసభ ఆ బిల్లును ఆమోదించినా, ఆ సెప్టెంబరులో గవర్నర్ జెర్రీ బ్రౌన్ వీటో చేశారు. ఇంట్లో చేసిన తుపాకీకి నంబరు వేస్తే ప్రజల భద్రత అంతగా పెరుగుతుందని తనకు తోచడం లేదని ఆయన రాశారు. 2016లో అలాంటి మరో బిల్లు మీద ఆయనే సంతకం చేశారు. అంటే రెండేళ్లు గడిచాయి. రెండేళ్లంటే తక్కువా?

మీ సభలోనూ ఒక పదకోశం దగ్గర పెట్టుకోండి. బిల్లు తెచ్చిన సభ్యురాలు 'మ్యాగజైన్' అనాల్సిన చోట 'క్లిప్' అన్న మరుక్షణం లేవండి. తుపాకీ భాగాల పేర్లు తప్పు చెప్పినవాళ్లకు తుపాకుల గురించి మాట్లాడే హక్కు లేదనండి. చచ్చిపోయినవాళ్ల పేర్లు మీకు తెలియకపోయినా ఎవరూ పట్టించుకోరు.

4. ఈ ఒక్క వాక్యం కంఠతా పట్టండి: "నేరస్తులు చట్టాన్ని ఎలాగూ పాటించరు."

పొడిగించకండి. పొడిగిస్తే "మరి దొంగతనం మీద చట్టం ఎందుకు?" అని ఎవడో అంటాడు. వాక్యం పూర్తికాగానే మంచినీళ్లు తాగండి.

ఇందులో ఒక చిక్కుంది, జాగ్రత్తగా దాటాలి. నంబరు, తనిఖీ కేవలం నేరస్తుడి మంచితనం మీద ఆధారపడినవి కావు, అమ్మేవాడి మీద పెట్టిన బాధ్యతలు అవి. తుపాకీ ఉండకూడదని కోర్టు ఆంక్ష ఉన్న మనిషికి దుకాణంలో అమ్మరు. కిట్ మాత్రం అతని ఇంటికే వచ్చేది. ఉత్తర కాలిఫోర్నియాలోని రాంచో టెహామాలో 2017 నవంబరు 14న జరిగింది ఇదే. తుపాకులు దగ్గర ఉంచుకోకూడదని ఆంక్ష ఉన్న మనిషి తను చేసుకున్న రైఫిళ్లతో నలుగురిని చంపాడు, ప్రాథమిక పాఠశాల మీదా కాల్పులు జరిపాడు. సరిగ్గా రెండేళ్లకు, 2019 నవంబరు 14న, శాంటా క్లారిటాలోని సాగస్ హైస్కూల్లో 16 ఏళ్ల విద్యార్థి కిట్‌తో చేసిన పిస్టల్‌తో ఇద్దరు తోటి విద్యార్థులను చంపి, తనను తాను కాల్చుకున్నాడు. ఆ వయసు పిల్లాడికి లైసెన్సున్న ఏ దుకాణమూ పిస్టల్ అమ్మకూడదు.

కాబట్టి ఈ రెండు ఊళ్ల పేర్లూ మీ నోట రానివ్వకండి. వేరేవాళ్లు ఎత్తితే తల దించి, "ఇది రాజకీయాలు మాట్లాడే సమయం కాదు" అనండి. ఎప్పుడు మాట్లాడాలో మాత్రం చెప్పకండి.

5. చేతులు కట్టేసి, పని చేయడం లేదని తిట్టండి.

ఇది ఓపికతో చేయాల్సిన పని. ఫలితం మాత్రం తరతరాలు దక్కుతుంది. వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో తుపాకుల వ్యవహారం చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వారి జాతీయ ట్రేసింగ్ కేంద్రం ఉంది. నేరస్థలంలో తుపాకీ దొరికితే దాని నంబరు అక్కడికి పంపుతారు. వాళ్లు తయారీదారుకు ఫోన్ చేస్తారు, అక్కడి నుంచి టోకు వ్యాపారి, అక్కడి నుంచి దుకాణం, చివరికి మొదట కొన్న మనిషి పేరు. ఒక మీట నొక్కితే పేరు తేలే ఏర్పాటు లేదు, ఉండకూడదు కూడా. తుపాకీ యజమానుల జాతీయ జాబితా తయారు చేయకూడదని 1986లోనే కాంగ్రెస్ చట్టం చేసింది. మూతపడ్డ దుకాణాల రికార్డులు పెట్టెలకు పెట్టెలు అక్కడికి చేరతాయి. వాటిని స్కాన్ చేయొచ్చు గానీ పేరు కొట్టి వెతికే వీలుండకూడదు. 2006లో ఏటీఎఫ్ డైరెక్టరుకు సెనేట్ ఆమోదం తప్పనిసరి చేశారు. అప్పటి నుంచి 2022 దాకా ఆ ఆమోదం దక్కింది ఇద్దరికే. మిగతా కాలమంతా తాత్కాలిక అధిపతులే. 1996లో కాంగ్రెస్ పెట్టిన ఒక షరతుతో వ్యాధి నియంత్రణ కేంద్రం తుపాకీ మరణాల మీద పరిశోధనకు ఇరవై ఏళ్లకు పైగా దాదాపు దూరంగానే ఉండిపోయింది.

ఇవన్నీ మీకు ముందే సిద్ధం చేసిపెట్టిన పెద్దలకు ఒక దండం పెట్టుకోండి. ఇప్పుడు మీ పని తేలిక. మొదట, "ఏటీఎఫ్ అసమర్థ సంస్థ, దానికి కొత్త అధికారాలెందుకు?" అనండి. తర్వాత, "నంబర్లు వేస్తే నేరాలు తగ్గుతాయని చూపే పరిశోధన ఏదీ?" అనండి. ఆడలేనిది ఎవరైనా, ఓడు మద్దెల మాత్రం వాళ్లదే.

అవతలివాళ్ల దగ్గర ఒక లెక్క ఉంటుంది, దానికి ముందే సిద్ధపడండి. ఆరా తీయమని పోలీసులు ఫెడరల్ ప్రభుత్వానికి పంపిన ఘోస్ట్ గన్‌లు 2017లో సుమారు 1,600. 2021 నాటికి 19,000 దాటాయి. సుప్రీంకోర్టు తీర్పులోనే ఈ అంకెలున్నాయి. ఇంకా గట్టివాళ్లయితే, 2016 నుంచి 2021 దాకా నేర పరిశోధనల్లో దొరికిన నంబరు లేని తుపాకులు సుమారు 45,240 అనీ, వాటిలో 692 హత్యలకో హత్యాయత్నాలకో సంబంధించినవనీ ఏటీఎఫ్ లెక్క తీస్తారు. అప్పుడు మీరు, "పోలీసులు ఇప్పుడే లెక్కపెట్టడం మొదలెట్టారు, అందుకే అంకె పెరిగింది" అనండి. ఇందులో కొంత నిజం ఉంది. కొంత నిజం ఉన్న సాకు మొత్తం అబద్ధం కంటే పదింతలు మన్నుతుంది. మిగతా నిజం ఎంతో చెప్పే బాధ్యత మీది కాదు.

6. పని ఎప్పుడూ పక్కవాడిదే.

రాష్ట్ర సభలో ఉంటే, "ఇది వాషింగ్టన్ తేల్చాల్సిన విషయం" అనండి. వాషింగ్టన్‌కు ఎన్నికైతే, "రాష్ట్రాల హక్కుల్లో వేలు పెట్టం" అనండి. ఏటీఎఫ్ నిబంధన తెస్తే, "చట్టం చేయాల్సింది కాంగ్రెస్, గుమస్తాలు కాదు" అనండి. కాంగ్రెస్‌లో నంబరు లేని తుపాకుల బిల్లు పెడితే, "కోర్టులో ఉంది, ఆగుదాం" అనండి. అలాంటి బిల్లు అక్కడ ఎన్నిసార్లు ప్రవేశపెట్టారో, అన్నిసార్లూ ఆగింది. ఈ నాలుగు మాటలూ చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి, వరస తప్పితే బాగుండదు.

నెవాడాలో కొందరు ఈ పాఠం మరిచారు. కిట్లు అమ్మే పేరుమోసిన కంపెనీ పాలిమర్80 ఆ రాష్ట్రంలోని డేటన్‌లోనే ఉన్నా, 2021లో అక్కడి శాసనసభ నంబరు లేని భాగాల మీద చట్టం చేసేసింది. కంపెనీ కోర్టుకెళ్లింది, 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టం వైపే నిలిచింది. అంతకుముందే లాస్ ఏంజెలెస్ నగరం వేసిన దావాలో ఆ కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీ పడింది. ఆ తర్వాత మూతపడింది. పక్కవాడి మీదికి నెట్టకుండా తన పని తనే చేసుకునే సభ ఒక్కటున్నా ఎంత పని జరిగిపోతుందో చూడండి. అది మీ దగ్గర జరగనివ్వకండి.

7. రెండు నోళ్లు ఉంచుకోండి.

పొద్దున సభలో, "ఇంట్లో చేసిన తుపాకులు నాసిరకం, పేలితే చేతిలోనే పేలతాయి, వాటికి చట్టం దేనికి?" అనండి. సాయంత్రం టీవీలో, "3డీ ప్రింటర్ ఇంటింటికీ వస్తోంది, ఏ చట్టమూ ఈ సాంకేతికతను ఆపలేదు" అనండి. పొద్దున విన్నవాళ్లు సాయంత్రం టీవీ చూడరు.

ఉదాహరణ అడిగితే టెక్సస్ చూపండి. 2013 మేలో కోడీ విల్సన్ అనే కుర్రాడి సంస్థ 'లిబరేటర్' అనే ప్లాస్టిక్ పిస్టల్ నమూనా ఫైళ్లు ఇంటర్నెట్‌లో పెట్టింది. విదేశాంగ శాఖ తీసేయమనే లోపు, రెండు రోజుల్లో, దాదాపు లక్ష సార్లు డౌన్‌లోడ్ అయ్యాయి. 2018లో ట్రంప్ ప్రభుత్వం ఆ సంస్థతో రాజీ కుదుర్చుకుంటే సియాటిల్‌లోని ఫెడరల్ జడ్జి అడ్డుకున్నారు. "ఫైలు కూడా మాటే, మాట మీద ఆంక్షలేమిటి?" అన్న వాదన మీకు ఉచితంగా దొరుకుతుంది, వాడుకోండి. 2024 డిసెంబరులో న్యూయార్క్ నడివీధిలో ఒక బీమా కంపెనీ పెద్దను కాల్చి చంపిన కేసులో దొరికిన తుపాకీ 3డీ ప్రింటర్‌తో చేసినదిలా ఉందని పోలీసులు చెప్పారు. ఆ వారం మాత్రం 'నాసిరకం' మాట ఎత్తకండి.

8. 1791కి వెళ్లిపోండి.

ఆయుధాలు ఉంచుకునే హక్కు చెప్పే రెండో రాజ్యాంగ సవరణ అప్పటిది. తుపాకీ చట్టం ఏదైనా దేశ చారిత్రక సంప్రదాయానికి అనుగుణంగా ఉండాలని 2022లో బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆనాటి కమ్మరులు తుపాకీకి నంబరు వేశారా అని అడగండి. ఆనాడు కిట్లు పోస్టులో వచ్చేవా అని ఎవరైనా ఎదురడిగితే గడియారం చూసుకుని లేవండి.

9. నిజాయితీపరుడైన అభిరుచిదారుణ్ణి ముందు నిలబెట్టండి.

గ్యారేజీలో కూర్చుని ఆదివారాలు తుపాకీ చేసుకునే పెద్దాయన ప్రతి రాష్ట్రంలోనూ ఉంటాడు. ఎవరికీ హాని చేయడు. తుపాకీ చేయడం అతనికి నైపుణ్యం, అతని బాధలో నిజం కూడా ఉంది. అతన్ని పిలిపించి సాక్ష్యం చెప్పించండి. "మీ తుపాకీకి ఒక నంబరు వేయించుకోమంటే మీకేం నష్టం?" అని మాత్రం ఎవరినీ అడగనివ్వకండి. "ఏముంది, వేయించుకుంటా" అంటే కష్టం. అతను ముందు, అతని వెనక కిట్ల వ్యాపారి, వ్యాపారి వెనక మీరు. వరస ఇది.

10. బిల్లుకు అనుకూలమా? అయినా కష్టపడక్కర్లేదు.

ఈ చిట్కాలు ఒక పార్టీకే అనుకున్నారా? లేదు, బద్ధకానికి పార్టీ లేదు. కాల్పులు జరిగిన మర్నాడు బిల్లు ప్రకటించండి. చనిపోయిన పిల్లల పేరు దానికి పెట్టండి. గవర్నర్ సంతకం చేసేటప్పుడు పక్కన నిలబడి ఫొటో దిగండి. అక్కడితో ఆపండి. అమలుకు ఎంత డబ్బు కావాలి, దుకాణాలను ఎవరు తనిఖీ చేయాలి, ఇప్పటికే ఇళ్లలో ఉన్న తుపాకులకు నంబర్లు ఎక్కడ వేయించుకోవాలి, ఇంట్లో చేసుకున్నవాడికి చట్టం మారిన సంగతి ఎవరు చెప్పాలి, ఇవేవీ అడగకండి. కాగితం మీద చట్టం ఉంటుంది, మీ ఫొటో గోడ మీద ఉంటుంది. ఏడాది తర్వాత, "చట్టం చేసినా ఏం మారింది?" అని అవతలివాళ్లు అడుగుతారు. వాళ్లకు ఆ అవకాశం ఇచ్చింది మీరే. మీరూ వాళ్లూ కలిసి పని చేస్తున్నట్టే లెక్క.

11. మనవాళ్ల విందుల్లో జాగ్రత్త.

డాలస్‌లోనో, మరో ఊళ్లోనో తెలుగు సంఘం ఉగాది భోజనాల్లో ఈ మాట తప్పక వస్తుంది. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో తల్లిదండ్రులు ఫోన్ చేసి, "అక్కడ తుపాకులటగా, రాత్రిపూట బయటికెళ్లకురా" అన్న సంగతి ఒకాయన చెబుతాడు. పెట్రోల్ బంకులోనో దుకాణంలోనో పని చేస్తూ తుపాకీకి బలైన మన పిల్లల గురించి ఇంకొకామె గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఆ మాట ముదరకముందే "హెచ్1బీ లాటరీ సంగతేంటన్నా?" అనండి. అందరూ అటు తిరుగుతారు. అది నిజంగా అందరికీ నొప్పి ఉన్న విషయం, అందుకే పని చేస్తుంది. కొందరు మొండిగా, "న్యూజెర్సీ 2018లోనే చట్టం చేసిందిగా, కొలరాడో 2023లో చేసిందిగా, మన దగ్గర ఎందుకు కాదు?" అంటారు. వాళ్లను పక్కకు పిలిచి, వచ్చే ఏడాది సంఘంలో ట్రెజరర్ పదవి గురించి కదపండి.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకు మాత్రం, "మా ఏరియా సేఫ్ అమ్మా" అని చెప్పండి. అదే మాట ఓటర్లకూ చెప్పండి.

12. విచారణ రోజు.

కమిటీ ముందు సాక్ష్యం చెప్పడానికి ఒక తల్లి వస్తుంది. కొడుకు ఫొటో తెచ్చుకుంటుంది. ఆమెకు రెండు నిమిషాలు ఇవ్వండి. అంతకుముందు మాట్లాడిన లాబీయిస్టు పదిహేను నిమిషాలు తీసుకున్నాడు కాబట్టి టైం లేదనడానికి సాకు దొరుకుతుంది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ కాగితాల్లో ఏదో రాసుకుంటూ ఉండండి, ఫొటో వైపు చూడకండి. చూస్తే ఇంత శ్రమ పడి నేర్చుకున్న చిట్కాలన్నీ మరిచిపోయే ప్రమాదం ఉంది. ఆమె అడిగేది చిన్న ప్రశ్న: "మా వాడిని కాల్చిన తుపాకీ ఎవరు అమ్మారు?" దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. నంబరు లేదు కాబట్టి మార్టిన్స్‌బర్గ్ దగ్గరా లేదు, డిటెక్టివ్ దగ్గరా లేదు. "మీ ధైర్యానికి జోహార్లు" అని చెప్పి తర్వాతి సాక్షిని పిలవండి.

13. ఓటింగు.

ఓటింగు దాకా రానిస్తే మీరు సగం ఓడినట్టే. ముందు 'మరింత అధ్యయనం' కోసం ఉపసంఘానికి పంపండి. ఉపసంఘంలో సగానికి పైగా రాని రోజు చూసి కోరం లేదనండి. సెషన్ ముగిస్తే బిల్లు దానంతటదే చస్తుంది, ఎవరి చేతికీ రక్తం అంటదు. టెక్సస్‌లోనైతే ఇంకా సుఖం, అక్కడి శాసనసభ మామూలుగా రెండేళ్లకోసారి 140 రోజులే కూర్చుంటుంది. రోజులు లెక్కపెట్టుకోండి. తప్పనిసరిగా ఓటింగుకు వస్తే, మూజువాణి ఓటు కోరండి. ఎవరు ఏమన్నారో రికార్డులో ఉండదు. పేరు పేరునా పిలిచే ఓటైతే ఆ సమయానికి కారిడార్‌లో ఒక ముఖ్యమైన ఫోన్ మాట్లాడుతూ ఉండండి.

ఇవన్నీ వరస తప్పకుండా పాటిస్తే ఫలితం ఖాయం. బిల్లు ఉండదు. మీరు వ్యతిరేకించినట్టు ఆధారం ఉండదు, సమర్థించినట్టూ ఉండదు. మీ జిల్లాలో డిటెక్టివ్ ఒక ప్లాస్టిక్ సంచిలో నంబరు లేని పిస్టల్ పెట్టి, ఫారంలో 'తయారీదారు' గడి ఖాళీగా వదిలి, ఫైలు అలమరలో పెడతాడు. పక్కనే అలాంటివి ఇంకా ఉంటాయి. ఆ తల్లి వచ్చే సెషన్‌కూ వస్తుంది. అదే ఫొటో, అవే రెండు నిమిషాలు.

నవంబరులో ఎన్నికలు. కరపత్రం మీద మీ కుటుంబం ఫొటో పెద్దగా వేయించండి, పైన 'సురక్షితమైన వీధులు, సురక్షితమైన బడులు' అని రాయించండి. ఆ నినాదం అన్ని పార్టీలూ వాడతాయి కాబట్టి ప్రెస్సులో అచ్చు సిద్ధంగానే ఉంటుంది, ఖర్చు కూడా తక్కువే.